జూదపు చక్రము నుండి ఇంటికి వచ్చిన దోస్తోయెవ్‌స్కీ



గడచిన వానకాలములో పటాన్‌చెరు ప్రక్కన కార్మికులు కాపురముండు ఒక వాడకు గృహ ప్రార్థన నిమిత్తము మేము వెళ్ళితిమి. ప్రార్థన ముగిసిన తరువాత ఆ యింటి తల్లి మాకు టీ ఇచ్చినది. ఆమె చెవులకు కమ్మలు లేవు. రంధ్రములు పూడిపోకుండ చీపురు పుల్లలు పెట్టుకొని యున్నది. మేము అడుగలేదు, ఆమెయే చెప్పినది. కుమారుడు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేయును. త్రాగడు, తల్లిని ఒక్క మాట అనడు. అయితే చేతి ఫోనులో డబ్బు పెట్టి పేకాట ఆడుట మరిగెను. మొదటి వారము నాలుగు వేలు వచ్చినవి. ఆ డబ్బుతో తల్లికి చీర తెచ్చెను. తరువాత ఎనిమిది నెలలలో జీతము పోయినది, చిట్టీ పైకము పోయినది, కడపట కమ్మలు గిర్వికి పోయినవి. ఆమె మమ్మును అడిగిన ప్రశ్న ఒక్కటే. పోవుచున్నదని కండ్లార చూచుచునే తన బిడ్డ మరల మరల దానియొద్దకే ఎందుకు పోవుచున్నాడని ఆమె అడిగినది.

దురాశ వలన అని మేము అప్పటికి చెప్పి వచ్చితిమి. ఇంటికి చేరిన తరువాత ఆ ఉత్తరము మాకే చాలలేదు. దురాశ గలవాడు తల్లికి చీర తెచ్చునా? జూదమనగానే మన పల్లెలలో ధర్మరాజు కథ చెప్పుదురు. వీధి నాటకములో ఆ ఘట్టము వచ్చినప్పుడు, ఇక చాలు లెమ్మని చూచువారందరి ప్రాణము కొట్టుకొనును. ఆడువాడు మాత్రము లేవడు. లేవనీయనిది ఏది? దీనిని తన దేహములోను తన యింటిలోను అనుభవించి, చివరకు లేచి వచ్చిన ఒక మనుష్యుని జీవితమును ఈ నెల మీ ముందు ఉంచుచున్నాము. అతడు దూర దేశస్థుడు, చనిపోయి నూట నలువది ఏండ్లు దాటినది. అయినను అతని కథ మన వాడలోని కథయే.

ఫ్యోదర్ దోస్తోయెవ్‌స్కీ 1821లో రష్యా దేశపు మాస్కో పట్టణమున పుట్టెను. తండ్రి బీదల ఆసుపత్రిలో వైద్యుడు. ఆసుపత్రి ఆవరణలోనే వారి నివాసము. బైబిలు కథల పుస్తకమొకటి పెట్టుకొని తల్లి పిల్లలకు అక్షరములు నేర్పినది. 1837లో ఆ తల్లి క్షయతో చనిపోయినది. రెండేండ్లకు తండ్రియు పోయెను. ఫ్యోదర్ సైనిక ఇంజనీరింగు పాఠశాలలో చదివి, ఉద్యోగము వదలి, కలము పట్టుకొని బ్రదుకుటకు నిశ్చయించుకొనెను. బీదవారిని గూర్చి వ్రాసిన మొదటి నవల 1846లో వెలువడి అతనికి పేరు తెచ్చెను.

1849లో ప్రభుత్వము నిషేధించిన వ్రాతలను చదువు ఒక గుంపుతో కూడినందుకు అతనిని పట్టుకొనిరి. డిసెంబరు నెల చలిలో ఒక మైదానమునకు తీసికొనిపోయి మరణశిక్ష చదివి వినిపించిరి. మొదటి ముగ్గురిని స్తంభములకు కట్టిరి. తరువాతి వరుసలో ఇతడు నిలిచియున్నాడు. తుపాకులు ఎత్తిన పిమ్మట చక్రవర్తి క్షమాపణ చదివిరి. మరణశిక్షకు మారుగా నాలుగేండ్ల కఠిన శిక్ష విధించిరి. కాళ్ళకు సంకెళ్ళతో సైబీరియాకు పోవు దారిలో, అంతకు ముందు శిక్షపడిన ఖైదీల భార్యలు కొందరు వచ్చి అతని చేతిలో ఒక క్రొత్త నిబంధన పెట్టిరి. చెరసాలలో ఉంచుకొననిచ్చిన పుస్తకము అదియే. రాత్రివేళ దానిని తలక్రింద పెట్టుకొని పండుకొనెడివాడు. ఆ పుస్తకమును మరణము వరకు విడువలేదు.

ఇట్టి మనుష్యుడు జూదములో పడెనా అని మీరు ఆశ్చర్యపడవచ్చును. పడెను. మరణము అంచు వరకు పోయి వచ్చినవాడు, సువార్త తలక్రింద పెట్టుకొన్నవాడు పడెను. కావున మన పిల్లలు ఆదివారపు బడికి వెళ్ళినవారే కదా, వారికేమి భయమని ఎవరును ధైర్యము చెప్పుకొనకుందురు గాక.

అతడు పడిన ఆట పేరు రూలెట్. ఎరుగనివారికి చెప్పుదుము. పళ్ళెము వంటి చక్రము ఒకటి ఉండును. దాని అంచున గదులు, ఒక్కొక్క గదికి ఒక్కొక్క అంకె. సున్నా ఒకటి, ఒకటి మొదలు ముప్పది ఆరు వరకు అంకెలు. మొత్తము 37 గదులు. సగము అంకెలు ఎరుపు, సగము నలుపు, సున్నా వేరు రంగు. చక్రమును త్రిప్పి చిన్న గుండు విసరుదురు. అది ఏ గదిలో పడిన ఆ అంకెపై పైకము పెట్టినవానికి, పెట్టిన రూపాయి గాక మరి 35 రూపాయలు ఇచ్చెదరు. వినుటకు ఎంత బాగున్నది! అయితే లెక్క వేయుడి. ఒకడు 37 గదులలోను ఒక్కొక్క రూపాయి పెట్టినయెడల ఒక అంకె తప్పక గెలుచును. అతని చేతినుండి పోయినది 37, చేతికి వచ్చినది 36. ఒక రూపాయి ఆటశాలవానిది. అమెరికా చక్రములో రెండు సున్నాలుండును. అక్కడ ఇంకను ఎక్కువ పోవును. ఇందులో మోసము చేయనక్కరలేదు. చక్రము న్యాయముగా తిరుగుట చాలును. ఎక్కువకాలము ఆడినవాని ఇల్లు తరుగును, శాలవాని ఇల్లు పెరుగును. ఇంకొక మాట. పదిమార్లు ఎరుపు పడినదని పదునొకండవ మారు నలుపు పడవలెనను నియమము లేదు. చక్రమునకు జ్ఞాపకము లేదు. ఆడువానికి మాత్రము తాను పోగొట్టినదంతయు జ్ఞాపకమే.

1863లో దోస్తోయెవ్‌స్కీ జర్మనీలోని వీస్‌బాడెన్ పట్టణమున ఆ బల్లయొద్దకు వెళ్లెను. పదివేల ఫ్రాంకులకు పైగా గెలిచెను. పైకము పెట్టెలో పెట్టి తాళము వేసి, మరునాడే ఊరు విడువవలెనని నిశ్చయించెను. అయితే మరల వెళ్లి సగము పోగొట్టెను. మిగిలిన దానిలో కొంత, జబ్బుతో ఉన్న భార్య కొరకు ఇంటికి పంపెను. పిమ్మట బాడెన్-బాడెన్ పట్టణములో మిగిలినదియు పోగొట్టి, ఇంటికి పంపిన దానిలోనుండియే కొంత తిరిగి పంపుడని వ్రాసెను. ఆ మొదటి గెలుపే అతనికి గాలమైనది. ఆటలో రహస్యము సులభమనియు, మనస్సు చల్లగా ఉంచుకొని ఆడినయెడల ఎవడును ఓడడనియు అతడు నమ్మెను. ఓడిన ప్రతిసారి తప్పు చక్రముది అనుకొనలేదు, తాను తొందరపడితిననుకొనెను. ఈసారి నిదానముగా ఆడుదునని మరల పోయెను. సహోదరులారా, ఆకర్షణ ఇక్కడనే ఉన్నదని మాకు తోచుచున్నది. గెలుపు తన చేతిలోనే ఉన్నదనియు, ఒక్క జానెడు దూరములోనే ఉన్నదనియు ఆడువానికి కనబడును.

1864లో అతని భార్య చనిపోయెను. మూడు నెలలకే ప్రాణమువంటి అన్నయు చనిపోయెను. అన్న పత్రిక మీద ఉన్న అప్పులను తమ్ముడు తన నెత్తిన వేసికొనెను. అన్న పిల్లలను విడువలేదు. అప్పులవాండ్లు జైలులో పెట్టింతుమని బెదరించిరి. ఆ స్థితిలో 1865లో మిగిలిన కొద్ది పైకము పట్టుకొని మరల వీస్‌బాడెన్ వెళ్లెను. అయిదు దినములలో అంతయు పోయెను, గడియారము కూడ పోయెను. సత్రమువారు భోజనము పెట్టుట మానివేసి టీ మాత్రము ఇచ్చిరి. కదలిన ఆకలి వేయునని అతడు కదలక కూర్చుండి చదువుకొనుచుండెను. నేరము–శిక్ష అను గొప్ప నవలకు ఆ దినములలోనే అంకురము పడినది.

చూడుడి, అతనిని బల్లయొద్దకు ఈడ్చినది వట్టి దురాశయేనా? కాదు. అప్పు తీరవలెను, అన్న పిల్లలు తినవలెను, తన తల ఎత్తుకొని తిరుగవలెను. ఏండ్ల తరబడి చేసినను తీరని భారమును ఒక్క రాత్రిలో దించుకొనవచ్చునను ఆశ అతనిని ఈడ్చెను. మంచివాని మంచితనమునే ఆ చక్రము త్రాడుగా పేని వాని మెడకు వేయును. మన వాడలోని ఆ చిన్నవాని సంగతియు ఇదియే. జీతము కొలత ప్రకారము వచ్చును, అప్పు వడ్డీతో పెరుగును. రెంటి మధ్య ఫోను వెలుగుచుండును.

ఒక ప్రచురణకర్త మూడు వేల రూబుళ్ళు ఇచ్చి కఠినమైన ఒప్పందము వ్రాయించుకొనెను. 1866 నవంబరు మొదటి తేదీకి క్రొత్త నవల ఇయ్యనియెడల, తొమ్మిదేండ్లపాటు ఇతడు ఏమి వ్రాసినను ఊరకనే అచ్చు వేసికొను హక్కు అతనికి పోవును. అక్టోబరు వచ్చినను ఒక్క పుట వ్రాయలేదు. అప్పుడు చెప్పినది చెప్పినట్లు గుర్తులతో వేగముగా వ్రాయుట నేర్చిన ఇరువది ఏండ్ల పిల్ల, ఆన్నా గ్రిగోర్యెవ్నా, పనికి వచ్చెను. ఇతడు చెప్పగా ఆమె వ్రాసెను. 26 దినములలో జూదరి అను నవల ముగిసెను. తన వ్యాధిని తానే బల్లమీద పెట్టి కోసి చూపెను. గడువు దినమున ప్రచురణకర్త ఊరిలో లేకుండ తప్పుకొనగా, వ్రాతప్రతిని పోలీసు ఠాణాలో అప్పగించి రసీదు పుచ్చుకొనెను. 1867 ఫిబ్రవరిలో ఆన్నాను వివాహమాడెను.

వ్యాధిని అంత చక్కగా వర్ణించినవానికి అది నయమైనదా? కాలేదు. తెలివి వేరు, విడుదల వేరు. అప్పులవాండ్ల బాధ పడలేక ఆన్నా తన సామానులు కుదువబెట్టి, భర్తను వెంటబెట్టుకొని పరదేశమునకు బయలుదేరెను. ఆ వేసవిలో బాడెన్-బాడెన్‌లో ఒక కమ్మరి కొలిమిపై మేడలో కాపురము. తెల్లవారక ముందే సమ్మెట దెబ్బలు. ఆమె గర్భవతి. అతడు ఉదయము పోయి, పోగొట్టుకొని వచ్చి, మోకాళ్ళపై పడి ఏడ్చి, మరల పైకము అడుగును. పెండ్లి ఉంగరములు కుదువకు పోయినవి. పెండ్లి కానుకగా తానిచ్చిన కమ్మలు, పతకము పోయినవి. ఆమె కోటును, శాలువయు పోయినవి. గెలిచిన దినమున పూలు పండ్లు తెచ్చును. మరునాడు అవి కొన్న పైకమును పోవును. ఊరు విడిచి బయలుదేరవలసిన దినమున కూడ ఆ బల్లయొద్దకు పోయెను.

1868లో జెనీవా పట్టణమున వారికి మొదటి బిడ్డ సోన్యా పుట్టెను. ఆ బిడ్డ ఒడిలో ఉండగానే తండ్రి మరియొక ఊరికి పోయి మరల పోగొట్టి వచ్చెను. మూడు నెలల వయస్సులో బిడ్డ ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయినది. తండ్రి దుఃఖము అంతులేనిది. అయినను ఆ దుఃఖము కూడ జూదమును మాన్పలేదు. ఇది వ్రాయుట మాకు కష్టముగా ఉన్నది; కాని దాచినయెడల మీకు మేలు కాదు. ఏడ్చినంత మాత్రమున, ప్రమాణము చేసినంత మాత్రమున ఈ త్రాడు తెగదు. ఆన్నా ఇది బలహీనత మాత్రమే కాదు, వ్యాధి వంటిదని తెలిసికొనెను. నేడు వైద్యులును అట్లే చెప్పుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వ్యాధుల పట్టికలో జూద వ్యసనమునకు చోటున్నది.

1871 ఏప్రిల్ నెల వచ్చెను. వారు డ్రెస్డెన్‌లో ఉండిరి. అతడు కడపటి మారు వీస్‌బాడెన్ వెళ్లెను. తెచ్చినది పోయెను. తిరిగి వచ్చుటకు ఆన్నా పంపిన ముప్పది థేలర్ల నాణెములును పోయెను. రాత్రి చీకటిలో తమ మత గురువును వెదకుచు, తెలియని ఊరి సందులలో పరుగెత్తెను. దేవాలయము దొరికినదనుకొని చూడగా అది యూదుల సమాజమందిరము. తలమీద చన్నీళ్ళు పోసినట్లయి, వెనుదిరిగి బసకు వచ్చి, రాత్రియంతయు భార్యకు ఉత్తరము వ్రాసెను. పదేండ్లుగా తనను కట్టిన కట్టు తెగినదనియు, ఇక పనిని గూర్చి, ఆమెను గూర్చి తలంతుననియు దాని సారాంశము. ఇట్టి మాటలు మునుపు ఎన్నియో ఇచ్చియుండెను గనుక ఆన్నా వెంటనే నమ్మలేదు. అయితే ఈసారి అది నిజమాయెను. చనిపోవు వరకు మరల ఆడలేదు.

ఆ దినములలో అతడు వ్రాయుచున్న నవల పేరు మనకు గమనింపదగినది. దయ్యములు అని పేరు. లూకా సువార్త 8వ అధ్యాయములో దయ్యములు పందులలోనికి పోయి కొండమీదనుండి సరస్సులో పడిన సంగతిని తీసికొని దానికి ముఖవాక్యముగా పెట్టెను. ఆ అధ్యాయము తెరచి చూడుడి. విడుదల పొందినవాడు బట్టలు కట్టుకొని, స్వస్థమైన మనస్సుతో యేసు పాదములయొద్ద కూర్చుండెను. ఆయన వెంట వచ్చెదనని బ్రతిమాలెను. ప్రభువు అతనిని ఎక్కడికి పంపెను? తన సొంత యింటికే పంపెను. సమాధులలో తిరిగినవానికి ప్రభువు చూపిన పరిచర్య స్థలము ఇల్లు. దోస్తోయెవ్‌స్కీకి కూడ అట్లే జరిగెనని మేము తలంచుచున్నాము. 1871 జూలైలో భార్యాబిడ్డలతో స్వదేశమునకు తిరిగి వచ్చెను.

ఇంటికి వచ్చుట అనగా అప్పులయొద్దకు వచ్చుట. అవి ఒక్క రాత్రిలో తీరలేదు. ఆన్నా లెక్కలు తన చేతిలోనికి తీసికొనెను. అప్పులవాండ్లతో తానే మాటలాడి, జైలులో పెట్టినయెడల వారికి ఒక్క కాసు రాదనియు, ఓపికపట్టినయెడల కొంచెము కొంచెముగా ముట్టుననియు ఒప్పించెను. 1873లో ప్రచురణకర్తలను ఆశ్రయింపక దయ్యములు నవలను తామే అచ్చువేయించి ఇంటినుండి అమ్మిరి. అతడు రాత్రులు వ్రాయును. ఆమె పగలు పుస్తకములు కట్టి పంపును. అట్లు ఏండ్ల తరబడి చేయగా, అతని మరణమునకు సుమారు ఒక యేడు ముందు అప్పులు తీరెను. చక్రము ఒక్క రాత్రిలో ఇచ్చెదనని చెప్పి పదేండ్లు ఇయ్యని దానిని, పని పదేండ్లలో ఇచ్చెను. ఇంకొక సంగతియు చెప్పవలెను. 1872 చివర జర్మనీలో జూదశాలలు మూతపడెను. తరువాత వైద్యము కొరకు అతడు ఆ దేశమునకు పోయినప్పుడు ఆ తలుపులు తెరచి లేవు. విడుదల పొందినవానికి మూసిన తలుపు కూడ దేవుని దయయే.

1881లో అతని రొమ్మునుండి రక్తము పడెను. మరణము సమీపించినదని ఎరిగి, చెరసాలనాటి ఆ క్రొత్త నిబంధనను తెప్పించెను. తప్పిపోయిన కుమారుని ఉపమానమును పిల్లలకు చదివి వినిపింపజేసెనని అతని కుమార్తె తరువాత వ్రాసెను. ఆ పుస్తకమును కుమారునికి ఇచ్చి కన్ను మూసెను. అతని వెంట శ్మశానమునకు వేలాది జనులు నడిచిరి. దూర దేశములో ఆస్తి పాడుచేసి తిరిగి వచ్చినవాని కథను, అట్లే తిరిగి వచ్చిన తండ్రి తన బిడ్డలకు విడిచిపోయిన ఆస్తిగా మేము ఎంచుచున్నాము.

ఇప్పుడు మన సంగతి. మన ప్రాంతములో చక్రము లేదు, జూదశాల లేదు. కాని ఫోను ఉన్నది. తెలంగాణ ప్రభుత్వము 2017లో చట్టము సవరించి, డబ్బు పెట్టి ఆన్‌లైనులో ఆడు ఆటలను నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి అట్టి చట్టము చేసెను. తలుపు మూయుట మంచిదే. అయినను కిటికీ వెదకు మనస్సు ఉన్నంతకాలము చట్టము ఒక్కటి చాలదు. ఇంటివారు, సంఘమువారు చేయవలసినది ఉన్నది.

ఆన్నా చేసినదంతయు మీరు చేయుడని మేము చెప్పము. కమ్మలు తీసి యిచ్చుట ప్రేమ కావచ్చును గాని, అది మందు కాలేదు. ఆమె లెక్కలు తన చేతిలోనికి తీసికొని, అప్పు దాచక, భర్తను తోసివేయక ఇంట నిలువబెట్టినది చూడుడి. అది మనము చేయదగినది. మన యింటిలో ఇట్టివాడున్న యెడల జీతము ఇంటివారి చేతికి వచ్చు ఏర్పాటు చేయుడి. అప్పు ఎంతో కాగితముపై వ్రాయించుడి. ఆ అప్పు తీర్చుటకు క్రొత్త అప్పు ఇయ్యకుడి. ఒంటరిగా విడువకుడి, సిగ్గుతో ప్రాణము తీసికొను తలంపు రావచ్చును. ప్రభుత్వము వారి టెలీమానస్ అను మానసిక సహాయము 14416 నంబరుకు రాత్రింబగళ్ళు ఉచితముగా దొరకును. వైద్యుని చూచుట విశ్వాసలోపము కాదు.

మన పితరులు కరవు కాలములో మెదకు దేవాలయమునకు రాళ్ళు మోసి దినదినము కూలిగింజలు తెచ్చుకొనిరి. 1914లో మొదలైన ఆ పని 1924 క్రిస్మసు దినమునకు గాని ప్రతిష్ఠకు రాలేదు. పదేండ్లు పట్టినది. సామెతలు 13వ అధ్యాయములో, కష్టపడి కొంచెము కొంచెముగా కూర్చువాని ధనము వృద్ధియగునని సొలొమోను చెప్పుచున్నాడు. మనకు తెలిసిన దారి అదియే.

గత నెల మేము ఆ వాడకు మరల వెళ్ళితిమి. ఆ తల్లి చెవులకు ఇంకను పుల్లలే ఉన్నవి. కుమారుడు చేతిలో ఒక నోటుపుస్తకముతో వచ్చి మా ప్రక్కన కూర్చుండెను. అందులో అప్పులన్నియు వ్రాసియున్నవి. రెండింటికి ఎదుట గీత కొట్టియున్నది. అతని ఫోను తల్లి పెట్టెలో ఉన్నది. ఈమారు ఆమె మమ్మును ఏ ప్రశ్నయు అడుగలేదు. లూకా 15వ అధ్యాయము చదివి, ముగ్గురము కలిసి ప్రార్థించితిమి. మీ కుటుంబ ప్రార్థనలో ఆ యింటిని, అట్టి యిండ్లను జ్ఞాపకము చేసికొనుడి.